ముప్పావు లీటరు

(ప్రపంచ కిడ్నీ దినమైన మార్చి రెండో గురువారం నాడు, విజయవాడ గవర్నరుపేటలో డయాలిసిస్ పేషెంట్లూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ కలుసుకున్న సభలో ఆటోనగర్ మెకానిక్ ఒకరు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. మైకు కాస్త దగ్గరికి జరపండి బాబూ. ఆ, చాలు.

నేను డాక్టర్ని కాదండి, ముందే చెప్తున్నా. ఆటోనగర్‌లో డీజిల్ పంపులూ నాజిల్సూ బాగుచేస్తా. లారీ నల్లపొగ కక్కుతోందన్నా, పొద్దున్నే స్టార్టవ్వక మొండికేస్తోందన్నా మా షెడ్డుకి తోలుకొస్తారు. ముప్పై ఏళ్ళు ఊరి లారీలన్నిటికీ ఫిల్టర్లు మార్చాను గానీ నా ఒంట్లో ఉన్న రెండూ పూడుకుపోతున్నాయని కనిపెట్టలేకపోయా. 2023 ఆగస్టులో డయాలిసిస్ మొదలైంది. మంగళ, గురు, శని. ఇవాళ గురువారం, నాది మధ్యాహ్నం షిఫ్టు. కాబట్టి ఒంటిగంటన్నరకల్లా నన్ను వదిలెయ్యాలి.

ఎలా పోయాయంటే, అందరి కథే. నడుం నొప్పి. బండి కింద దూరి పనిచేసేవాడికి నడుం నొప్పి రాకుండా ఉంటుందా? మెడికల్ షాపుకెళ్ళి నొప్పి బిళ్ళ అంటే ఇచ్చేవాడు. రోజుకొకటి, పని ఎక్కువున్న రోజు రెండు. అలా ఏళ్ళ తరబడి మింగా. మధ్యలో బీపీ ఉందన్నారు, మందు రాశారు. తలనొప్పి తగ్గింది కదాని నేనే మానేశా. తలనొప్పి లేనంత మాత్రాన బీపీ లేనట్టు కాదట. చప్పుడు చెయ్యకుండా లోపల దాని పని అది కానిచ్చేస్తుందట.

క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టక రక్తంలో మిగిలిపోయే చెత్త లెక్క, నాలుగు దాటాక డాక్టరు గారు చేతికి ఫిస్టులా పెట్టించుకోమన్నారు. మిషనుకి సూదులు పొడవటానికి చేతి నరాన్ని తయారుచేసే ఆపరేషనది. నేను పెట్టించుకోలేదు. చెయ్యి కోయించుకుంటే డయాలిసిస్‌కి నేనే బొట్టు పెట్టి పిలిచినట్టని నా పిచ్చి. ఎవరో పసరు ఇస్తాడంటే పోయి ఎనిమిది నెలలు తాగా. ఒకరోజు రాత్రి పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే ఆడుతుంది. తెల్లారేసరికి ఎమర్జెన్సీలో మెడలో గొట్టం పెట్టి మిషనెక్కించారు. ఆ గొట్టంతోనే మూడు నెలలున్నా. మధ్యలో చలిజ్వరం వచ్చి మంచం ఊగిపోయింది. గొట్టానికి ఇన్‌ఫెక్షనన్నారు, మళ్ళీ వారం ఆసుపత్రి. ఫిస్టులా ముందే పెట్టించుకుని ఉంటే ఇదేం ఉండేది కాదండీ. అది పెట్టిన రోజునే పనికి రాదు. సిరని తెచ్చి ధమనికి కలిపి కుడతారు. ఆ రక్తం జోరుకి సిర లావెక్కి గట్టిపడి, సూది పొడవటానికి వీలుగా తయారవ్వాలంటే ఆరు వారాలో రెండు నెలలో పడుతుంది. ఇంకా మిషనెక్కనివాళ్ళు, రిపోర్టులు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారంటున్నారు. ఇది మీకోసమే చెప్తున్నా.

ఇదిగో నా ఎడమ చెయ్యి. ముందు వరసలో కుర్రాడా, ఇలారా, ఇక్కడ చెయ్యి పెట్టు. ఏమనిపిస్తోంది? ("గుర్రుమంటోందండి.") గుర్రుమంటోందా! డీజిల్ ఇంజను ఐడిలింగులో ఉన్నప్పుడు బానెట్ మీద చెయ్యేస్తే ఇలాగే ఉంటుంది. మొదట్లో రాత్రిపూట ఆ చప్పుడు చెవికి తగిలి, చెయ్యి మంచం అవతలికి పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు పొద్దున కళ్ళు తెరవగానే ముందు దాన్ని తడుముకుంటా. ఆ గుర్రు ఆగిందంటే లోపల రక్తం గడ్డ కట్టినట్టు. రేపు చూద్దాంలే అనకూడదు, అదే పూట ఆసుపత్రికి పోవాలి. ఈ చేతికి వాచీ లేదు, సంచీ తగిలించను, దీని మీద ఒరిగి పడుకోను. బీపీ పట్టా కట్టనివ్వను, రక్తం తియ్యనివ్వను. ఒకసారి ఒక ల్యాబులో కుర్రాడు నేను అటు తిరిగి మాట్లాడుతుంటే సూది దించబోయాడు. అరిస్తే, "ఇంత లావు నరం కనపడితే ఎవరైనా ఇక్కడే తీస్తారు సార్" అన్నాడు. వాడి మాటా నిజమే. చెప్పుకోవాల్సింది మనం.

ఇక మిషను సంగతి. మొదటి రెండు వారాలూ కళ్ళు మూసుకునే ఉన్నా. మూడో వారం విసుగేసి, ఏంటీ యంత్రం అని చూట్టం మొదలెట్టా. చూస్తే అదంతా మన సరుకే! ముందు రోలర్ పంపు. గొట్టాన్ని బయటినుంచి నొక్కుకుంటూ పోతుంది, రక్తానికి ఇనుము తగలదు. నిమిషానికి రెండున్నర వందల నుంచి మూడొందల మిల్లీలీటర్లు లాగుతుంది. ఆ పక్కన డయలైజరు. మన ఫిల్టరే, కాకపోతే లోపల వెంట్రుకంత సన్నటి గొట్టాలు వేలల్లో ఉంటాయి. గొట్టాల్లో రక్తం ఇటు పోతుంటే, బయట మందునీళ్ళు అటునుంచి ఎదురు వస్తాయి. రేడియేటర్లో వేడి గాలిలోకి పోయినట్టు, రక్తంలో చెత్త గొట్టం గోడ దాటి ఆ నీళ్ళలోకి పోతుంది. గాలి బుడగ పట్టుకునే సెన్సారుంది. డీజిల్ లైన్లో గాలి జొరబడితే బండి ఆగుతుంది, ఇక్కడ మనిషి ఆగుతాడు. అందుకని బుడగ కనపడగానే మిషను గొట్టాన్ని పట్టేసి కేకేస్తుంది. ఇక నీళ్ళు: నిమిషానికి అరలీటరు చొప్పున నాలుగు గంటలకి నూట ఇరవై లీటర్లు మన రక్తం పక్కనుంచి పోతాయి. తాగే మంచినీళ్ళు దానికి పనికిరావు. అందుకే ప్రతి సెంటరు వెనకా అంత పెద్ద ఆర్వో ప్లాంటు.

దీన్ని మొదట చేసిన డాక్టరు విలెం కోల్ఫ్ అని నెదర్లాండ్స్ ఆయన. 1943లో, యుద్ధం మధ్యలో, దేశం జర్మన్ల చేతిలో ఉండగా చేశాడు. సామాను దొరక్క, మాంసం కూరి అమ్మే సాసేజీల పైతొడుగు గొట్టాన్ని ఒక చెక్క డ్రమ్ముకి చుట్టి తిప్పాడు. డ్రమ్ము తిరుగుతుండాలి, రక్తం కారకూడదు. ఆ కప్లింగు ఎక్కణ్ణించి పట్టుకొచ్చాడంటే, ఫోర్డు కారు వాటర్ పంపు చూసి! ఈ ముక్క విన్నాక షెడ్డులో మా కుర్రాళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో. మొదట ఎక్కించిన పదిహేను మంది దాకా బతకలేదు. 1945లో ఒక పెద్దావిడ బతికి బయటపడింది. ఆవిడ తర్వాతే మనమందరం.

భయం అప్పుడు పోయింది నాకు. పోయాక ఇంకో సంగతి అర్థమైంది. వారంలో ఉన్నవి 168 గంటలు. మిషను మీద ఉండేది 12. మిగతా 156 గంటలు కిడ్నీ పని చేసేవాళ్ళెవరు? నా చెయ్యీ నా నోరూ. మొత్తం గొడవ అక్కడే ఉంది.

నాకు ఇప్పుడు రోజుకి పావు లీటరు మూత్రం వస్తుంది. నిన్న ఎంత పోసామో దానికి అరలీటరు కలుపుకుని ఇవాళ తాగమన్నారు. అంటే ముప్పావు లీటరు. మా ఆవిడ పొద్దున్నే ఒక కూల్‌డ్రింక్ సీసా నింపి పెడుతుంది. టీ తాగితే సీసాలోంచి అంత వొంపేస్తుంది. మజ్జిగ పోస్తే అంత వొంపేస్తుంది. చారన్నా అంతే. రాత్రి మాత్రలకి రెండు గుక్కలు మిగలాలి. విజయవాడలో, రోహిణి కార్తెలో, రేకుల షెడ్డు కింద ముప్పావు లీటరండీ! మొదటి వేసవి దొంగతనంగా తాగా. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ తాగేవాణ్ణి. ఎవర్ని మోసం చేస్తాం? మర్నాడు కాటా ఎక్కితే కిలోకి కిలో కనపడుతుంది. నాలుగు కిలోలు పెరిగి పోయాననుకోండి, నాలుగు గంటల్లో నాలుగు లీటర్లు లాగాలి. పిక్కలు పట్టేసి కుర్చీలో కేకలు, బీపీ పడిపోయి కళ్ళు చీకట్లు. ఇంటికెళ్ళాక మర్నాడు కూడా మనిషి మనిషిగా ఉండడు.

మా పక్క కుర్చీ పెద్దాయన ఒకరు ఈ తాళం విప్పారు. "ఒరేయ్, నీ దాహం నీళ్ళది కాదురా, ఆవకాయది" అన్నారు. ఉప్పు తగ్గించి చూడు, దాహం దానంతటదే తగ్గుతుందన్నారు. గుంటూరు, కృష్ణా వాళ్ళకి పచ్చడి మానమని చెప్తే కిడ్నీ పోయిందన్నదానికంటే ఎక్కువ బాధ. నేనూ మొత్తం మానలేదు, అబద్ధమెందుకు. ఆదివారం ముద్దలో వేలుతో అద్దుకుంటా. అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప మాత్రం వదిలేశా. ఇంకోటి, బజార్లో 'తక్కువ సోడియం ఉప్పు' అని ప్యాకెట్లొస్తాయి. ఆరోగ్యానికి మంచిదని మా తోడల్లుడు తెచ్చిపెట్టాడు. వెనక చదివితే పొటాషియం క్లోరైడు! మామూలువాళ్ళకి మంచిదేమో గానీ మనకి విషం. కిడ్నీ బయటికి పంపదు కాబట్టి ఒంట్లో పేరుకుని గుండెకే ఎసరు పెడుతుంది. మనల్ని చూట్టానికొచ్చేవాళ్ళు కొబ్బరి బోండాలు, బత్తాయిలు, అరటిపళ్ళు తెస్తారు చూశారూ, చలవ చేస్తుందని. మూడూ పొటాషియమే. తెచ్చినవాళ్ళని నొప్పించకండి, పక్కింటి పిల్లలకి పంచండి. కూరముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు తాలింపు పెడుతుంది మా ఆవిడ. రుచి ఎలా ఉంటుందని అడక్కండి.

ఈ పొటాషియం ఎంత మాటో నాకు 2024 వరదల్లో తెలిసింది. మా ఇల్లు సింగ్‌నగర్‌లో. ఆగస్టు 31 శనివారం నా షిఫ్టు. ఆ రోజు వాన గుర్తుంది కదా, సెంటరుకి పోలేకపోయా. సోమవారం వేయించుకోవచ్చులే అనుకున్నా. ఆదివారం తెల్లారేసరికి బుడమేరు వాగు నడింట్లో ఉంది. పైవాటాలోకి ఎక్కాం. కరెంటు లేదు, ఫోను చచ్చింది. అటు కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులొచ్చాయని తర్వాత విన్నాం. నా లెక్క నాకుంది. ఆఖరి డయాలిసిస్ గురువారం. శుక్ర, శని, ఆది, సోమ. పులిహోర పొట్లాలు, పాలప్యాకెట్లు, యాపిల్స్, నీళ్ళసీసాలు వచ్చాయి. ఇచ్చినవాళ్ళకి దణ్ణం. నేను మాత్రం చింతపండు పులిహోర తినలేదు, పాలు ముట్టలేదు. పైవాటా వాళ్ళు గ్యాసు మీద వండిన తెల్లన్నంలో పంచదార కలుపుకుని రెండు పూటలా తిన్నా. నీళ్ళు గ్లాసున్నర. పొటాషియం దించే పొడి రెండు పొట్లాలు ఇంట్లో ఉంటే అవి కలుపుకు తాగా. మంగళవారం మధ్యాహ్నం పడవ దొరికింది. ఫ్లైఓవర్ దాకా పడవ, అక్కణ్ణించి మా మేనల్లుడి బండి. ఆసుపత్రిలో చూస్తే పొటాషియం 6.4. ఐదున్నర దాటితేనే కంగారు. ఈసీజీ పట్టీలో గీతలు గుడారాల్లాగా లేచి ఉన్నాయి. డాక్టరు చూసి, "ఆ పులిహోర తిని ఉంటే వచ్చేవాడివి కాదు" అన్నారు. అప్పట్నించీ ఆ పొడి, మందుల చీటీ, వారానికి సరిపడా మాత్రలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పైవాటాలో ఉంటాయి. మీరూ పెట్టుకోండి. మనది నది పక్కన ఊరు.

డబ్బుల గురించి ఎక్కువ చెప్పను. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద డయాలిసిస్ జరుగుతోంది, ట్రాన్స్‌ప్లాంటూ అందులో ఉంది, నెలకి పదివేలు పింఛనొస్తోంది. అయినా ఇంటి ఖర్చు ఇంటి ఖర్చే. నేను డయాలిసిస్ లేని రోజుల్లో షెడ్డుకెళ్ళి కాలిబ్రేషన్ పని చేస్తా, బరువులెత్తే పని కుర్రాళ్ళది. మా షిఫ్టులో ఎ.కొండూరు తండాల నుంచి వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళకి రానూపోనూ రోజంతా పోతుంది, కూలి పోతుంది. నొప్పి బిళ్ళలు మింగి తెచ్చుకున్న నా రోగం నా తప్పు. తాగే నీళ్ళ మీద అనుమానంతో ఇంటికొకళ్ళు మంచం పట్టిన తండాలో తప్పు ఎవరిదని చెప్తాం? సరే, ఇది వేరే సభలో మాట్లాడాల్సింది.

ట్రాన్స్‌ప్లాంట్ సంగతి కొద్దాం. నాకొచ్చే నెల. ఇచ్చేది మా అక్కయ్య.

కిడ్నీ ఎలా అడగాలండీ? డబ్బడగొచ్చు, పొలం అడగొచ్చు, పిల్లనడగొచ్చు. ఇది ఎలా అడుగుతాం? ఏడాది పాటు నేను ఎవరితో అనలేదు. మా ఆవిడ తనే ఇస్తానని పరీక్షకెళ్ళింది. తనది బీ గ్రూపు, నాది ఓ. మామూలుగా ఓ వాడికి ఓ వాళ్ళదే పడుతుంది. ఇలాంటి ఇంకో జంట దొరికితే వాళ్ళది మనకీ మనది వాళ్ళకీ మార్చుకునే వీలు కూడా చట్టంలో ఉంది, చూశాం, కుదరలేదు. చనిపోయినవాళ్ళ అవయవాలు వరస ప్రకారం ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం, ఇప్పటికీ ఉంది. ఇక సంక్రాంతికి అందరూ చేరితే మా ఆవిడ ఎవర్నీ ఏమీ అడక్కుండా, నా రిపోర్టులో ఏముందో, ఎన్నాళ్ళు ఇలా లాగొచ్చో చదివినట్టు చెప్పింది. అంతే. తమ్ముడు తల దించుకున్నాడు. వాడికి చిన్నపిల్లలు, నాకేం కోపం లేదు. పదిరోజుల తర్వాత తెనాలి దగ్గర పల్లె నుంచి అక్కయ్య ఒక్కతే బస్సెక్కి వచ్చి, "పరీక్షలెక్కడ చేస్తారు" అంది. అందుకని నా మాట ఇది: అడక్కండి, కానీ దాచొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకోండి. చెప్పకుండా లోపల్లోపల ఎదురుచూస్తే ఎవరూ రాలేదని చివరికి మనమే మనసు పాడుచేసుకుంటాం.

ఒక సంగతి మాత్రం చెప్పి తీరాలి. ట్రాన్స్‌ప్లాంట్ విభాగంలో కుర్చీల్లో చూడండి, పుచ్చుకునేవాళ్ళు ఎక్కువమంది మగాళ్ళు, ఇచ్చేవాళ్ళు తల్లులు, పెళ్ళాలు, అక్కలు. ఆడవాళ్ళకి కిడ్నీ పోతే ఎంతమంది మొగుళ్ళు పరీక్షకి పోతున్నారో మనల్ని మనం అడుక్కోవాలి. నేనూ ఆ మగాళ్ళలో ఒకణ్ణే కాబట్టి గొంతు పెంచను.

చట్టం 1994లో వచ్చింది. తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్యాభర్తలు దగ్గరి బంధువులు. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలూ కలిశారు. వీళ్ళు కాకుండా ఎవరైనా ప్రేమ కొద్దీ ఇస్తామంటే ప్రభుత్వ కమిటీ ఒప్పుకోవాలి. డబ్బుకి కొనటం, అమ్మటం రెండూ జైలే. మన రెండు జిల్లాల్లోనూ బ్రోకర్ల కథలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అప్పులపాలైన కుర్రాడికి లక్షలిస్తామని చెప్పి, పని కానిచ్చుకుని, చేతిలో చిల్లర పెట్టటం. మీ దగ్గరికి ఎవడన్నా అలా వస్తే గడప ఎక్కనివ్వకండి.

అక్కయ్యకి నాలుగైదు వారాలు పరీక్షలు చేశారు. షుగరు, ఇరవై నాలుగు గంటల మూత్రం, గుండె, రక్తనాళాల సీటీ. కణజాలం సరిపోల్చారు. చివర్లో నా ఒళ్ళు ఆమె కిడ్నీని తిరగ్గొడుతుందేమో చూట్టానికి నా రక్తం, ఆమె రక్తం కలిపి క్రాస్‌మ్యాచ్. నాకు మొదట్లో రక్తం తక్కువై రెండు బాటిళ్ళు ఎక్కించారు. ఎక్కించిన ప్రతిసారీ పరాయి కణాల మీద ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యే అవకాశముందట, అవి ఎక్కువైతే అన్నీ కుదిరిన కిడ్నీ కూడా పడదట. ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన ఉన్నవాళ్ళు రక్తం ఎక్కించే ముందు డాక్టర్ని ఒకమాట అడగండి, రక్తం పెంచే ఇంజెక్షన్లతో గడుస్తుందేమో. నాకు క్రాస్‌మ్యాచ్ బాగానే వచ్చింది.

దగ్గరి బంధువైనా ఆసుపత్రి కమిటీ అడుగుతుంది. దాని ముందుకి అక్కయ్యని ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. వీడియో తీస్తారు. ఇచ్చేది ఆడమనిషయితే ఇంకా జాగ్రత్తగా అడగాలని రూల్సులోనే ఉంది. బయట బెంచీ మీద నేనూ బావగారూ. ఆయన ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. అరగంటకి బయటికొచ్చింది. ఏమడిగారే అంటే "నీకెందుకు" అంది. తర్వాత డాక్టరు గారు చెప్పారు. ఆమె తిరిగి ఒక్కటే ప్రశ్న వేసిందట: ఆపరేషనయ్యాక పచ్చిగడ్డి మోపు ఎన్నాళ్ళకి ఎత్తుకోవచ్చు అని. మూడు గేదెలున్నాయి మరి. ఆరేడు వారాలు బరువెత్తొద్దన్నారు. సరే, అన్నాళ్ళూ మనిషిని పెట్టుకుంటానందట. నాతో మాత్రం బస్సెక్కుతూ ఒక మాటంది. "ఇంకోసారి నొప్పి బిళ్ళ నోట్లో వేశావని తెలిసిందా, వచ్చి వెనక్కి లాక్కుపోతా." (నవ్వులు)

నా వైపు తయారీ ఏంటంటే, పుచ్చిపోయిన పళ్ళు రెండు పీకించా. ఆపరేషనయ్యాక రోగనిరోధకశక్తిని అణిచే మందులు వాడాలి కాబట్టి పంటి చీము కూడా ప్రమాదమే. టీబీ పరీక్ష చేశారు. హెపటైటిస్ బీ టీకా మనకి రెట్టింపు డోసులో, ఆరు నెలల్లో నాలుగుసార్లు వేస్తారు, అది అయిపోయింది. బీడీ మానేసి ఏడాదిన్నర. పాత కిడ్నీలు తీసెయ్యరు. పాత పంపు ఊడదియ్యకుండా పక్కన కొత్తది బిగించినట్టు, పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. ఇది పెట్టుకుంటే జన్మంతా నిశ్చింత అనుకోకండి. కొందరికి పదేళ్ళు, కొందరికి ఇరవై. మాత్రలు పన్నెండు గంటలకోసారి, గడియారం ప్రకారం. ఇప్పుడే పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ ఫోన్లో అలారం పెట్టా, ఏమీ వేసుకోకపోయినా మోగనిస్తున్నా. షెడ్డులో కుర్రాళ్ళకి అలవాటైపోయింది, మోగగానే "బాబాయ్, మాత్ర" అంటారు. ఆ మాత్రలు వాడేవాళ్ళు పంపరపనస తినకూడదట, మందు రక్తంలో ఎక్కువైపోతుందట. రాసిపెట్టుకోండి, మన పెరళ్ళలో ఉండే చెట్టే కదా.

భయం లేదా అంటే ఉంది. నా గురించి కాదు. రెండు బల్లలుంటాయి కదా, ముందు తీసుకెళ్ళేది ఆమెని. ఒంట్లో ఏ రోగమూ లేని మనిషి, నా మూలాన.

టైమెంతైంది? ఒకటీ ఇరవై. ఎవరో చెయ్యెత్తారు, అడగండమ్మా. ("కాటా మీద ఎంత పెరగొచ్చండీ మధ్యలో?") మీ డాక్టరు చెప్పినంత. నాకు రెండున్నర కిలోల లోపు అన్నారు. నా పొడి బరువు, అంటే ఎక్కువ నీళ్ళన్నీ లాగేశాక ఉండాల్సింది, 61. పొద్దున ఇంట్లో చూసుకుంటే 62 కిలోల 900. సీసాలో ఇంకా సగం ఉంది. సరే, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉందో ఏమో, నేను బయల్దేరతానండి.